అర్థమవుతుందిగా ఆంటీ

పదకొండున్నర దాటింది. లైటు తీసేయమని మావారు రెండుసార్లు విసుక్కున్నారు. తీసేసి హాల్లోకి వచ్చి కూర్చున్నాను. ఇంతకీ నన్ను నిద్రపోనివ్వనిది ఒక సున్న.

విజయవాడ గవర్నర్‌పేటలో నేను టాలీ క్లాసుకి, అంటే కంప్యూటర్లో జమాఖర్చులు రాసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి, వెళ్తున్నానని చెప్పాను కదా. ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్ల పక్కన ఇవాళ కొత్త ఫ్లెక్సీ కట్టారు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, ఆరడుగుల వెడల్పు. "టాలీ ప్రైమ్, జీఎస్టీ, అకౌంటిగ్. కొత్త బ్యాచ్‌లు ప్రారంభం." అకౌంటిగ్! చూడగానే మెట్ల మీదే ఆగిపోయాను. వెనకాల వస్తున్న అమ్మాయి వచ్చి నాకు తగిలి "సారీ ఆంటీ" అంది. ఆ పిల్ల కూడా ఫ్లెక్సీ చూసింది. ఏమీ కనబడలేదు దానికి.

పైకి వెళ్లి, క్లాసు చెప్పే అబ్బాయితో "బాబూ, కింద ఫ్లెక్సీలో సున్న పోయింది" అన్నాను. అందరూ సార్ అంటారు అతన్ని, నాకు నోరు తిరగడం లేదు. మా చిన్నమ్మాయికంటే రెండేళ్లు పెద్దవాడు ఉంటాడేమో, అంతే. "ఏ సున్నా ఆంటీ?" అని ఉలిక్కిపడ్డాడు. ఫోన్ నంబరులో పోయిందనుకున్నాడు పాపం. తెలుగు సున్న అని తెలిశాక మొహం తేటపడింది.

"ఓ, అదా. అర్థమవుతుందిగా ఆంటీ."

అర్థమవుతుంది. కాదని ఎవరన్నారు? అదే కదా మంట. అర్థం కాకపోతే వాళ్లే పరుగెత్తుకెళ్లి మార్పించేవాళ్లు. అర్థమయ్యే తప్పుకి దిక్కెవరు?

నేను ఇరవై తొమ్మిదేళ్లు ఆ సున్నల మీదే బతికాను, డీటీపీ సెంటరులో, అంటే అచ్చుకి ఇచ్చేవి కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కూర్చే చోట. అనుపమ, ప్రియాంక అంటే ఆడపిల్లల పేర్లు కావు మా ఇంట్లో, తెలుగు టైపుకి వాడే అను ఫాంట్లు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత అడోబీవాళ్లు దాంట్లో కొత్తది ఏదీ తేలేదు. మేం మాత్రం దాన్నే పట్టుకుని ఇన్నేళ్లు లాగాం. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, కర్మకాండ కార్డులు. జనవరి పుస్తకాల పండగకి అందాలని డిసెంబరులో నెత్తిన కూర్చునే కవులు. (కవుల సంగతి ఇంకోసారి. పదహారు పేజీల పుస్తకానికి పదకొండు ప్రూఫులు చూసిన మహానుభావుడున్నాడు. డబ్బులు మాత్రం మూడు విడతల్లో.) మాఘమాసం వచ్చిందంటే రాత్రి పది దాటాకే ఇంటికి. ఇప్పుడో? పెళ్లి పిలుపు వాట్సాప్‌లో వీడియో అయి వస్తోంది. కార్డులు యాభై, దుర్గమ్మ పాదాల దగ్గర ఒకటి పెట్టి పెద్దవాళ్లకి పంచడానికి. ఐదొందలు కొట్టించిన ఇళ్లు ఈ ఏడాది మొత్తం మీద రెండు చూశాను. మేం కార్డులు కొట్టించే సింగ్‌నగర్ ప్రెస్సు 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగింది. కాగితం రీములు నీళ్లు తాగి ఉబ్బి, కట్లు తెంచుకుని పడి ఉన్నాయి. ఆయన మళ్లీ తలుపు తీయలేదు. దసరా అయ్యాక మా ఓనరుగారు "వారానికి మూడు రోజులొస్తే చాలమ్మా" అన్నారు. జీతం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకటో తారీఖున కవరే చెప్పింది.

మావారు కర్రీ పాయింట్ పెట్టమంటారు. మా సందులో ఇప్పటికే నాలుగున్నాయి. నా పప్పుచారు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.

సరే, టాలీ. చేరిన రోజు ఫారం ఆ అబ్బాయే నింపాడు. పేరు, వయసు అడిగాడు. 49 అనగానే పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత వృత్తి అన్న గడిలో నన్నడక్కుండానే "హౌస్‌వైఫ్" అని రాసేశాడు. అడిగితే చెప్పేదాన్నిగా! నాకు కోపం వస్తే మాట రాదు, తెలిసిందే. సంతకం పెట్టేసి వచ్చాను. ఇచ్చిన నోట్సులోనేమో జీఎస్టీ 5, 12, 18, 28 శాతాలని పాత స్లాబులే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాదాపు అన్నిటికీ 12, 28 పోయాయని మా ఇంటి పక్క కిరాణావాడికీ తెలుసు. "పెన్నుతో కొట్టేసుకోండి" అన్నాడు. నాలుగు వేలు కట్టాం బాబూ, కొట్టేసుకోవడానికా?

సాయంత్రం నుంచి ఇలాగే అతని తప్పులు ఏరుకుంటూ కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు.

1991 ఎండాకాలం. నాకు పదిహేనేళ్లు. నాన్న వన్‌టౌన్‌లో ఒక సందులో లెటర్‌ప్రెస్సులో కంపోజిటర్, అచ్చుకి సీసపు అక్షరాలు పేర్చే పని. ఎడం చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడి చేత్తో గడుల కేసులోంచి అక్షరాలు ఏరడం. తలకిందులుగా ఉన్న సీసపు అక్షరాల్ని మనం పేపరు చదివినంత సులువుగా చదివేవాడు. ఒక పెళ్లి కార్డు వచ్చింది. ముహూర్తం "గురువారం తెల్లవారితే శుక్రవారం రాత్రి 3.12 గంటలకు". నాన్న చేతిలో "గురువారం తెల్లవారితే" అన్న రెండు మాటలు జారిపోయాయి. మిగిలింది శుక్రవారం రాత్రి 3.12. అంటే కార్డు నమ్ముకుని వచ్చినవాళ్లు మర్నాటి రాత్రి దిగేసరికి పెళ్లయిపోయి, పందిరి కూడా విప్పేసి ఉంటారు. ప్రూఫు చూసి పెళ్లికూతురి మేనమామ సంతకం కూడా పెట్టాడు. నాలుగొందల కార్డులు అచ్చయి కట్టలు కట్టాక, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ నాన్న ఆగిపోయాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాడు.

ప్రెస్సు యజమాని ఇంటికి వెళ్లి చెప్తే ఆయన "సంతకం వాళ్లదేగా, మనకేం పోయింది? పురోహితుడుంటాడు, అర్థమవుతుందిలే" అన్నాట్ట. నాన్న తాళాలు అడిగి తీసుకున్నాడు. నన్నూ తీసుకెళ్లాడు, తనొక్కడికీ సాయం కావాలని. ఆ రెండు మాటలే మళ్లీ కంపోజ్ చేసి, ముహూర్తం వరసకి పైనున్న ఖాళీలో పడేట్టు చేజులో, అదే ఇనప చట్రంలో, బిగించాడు. వరసల మధ్య ఖాళీ కోసం పెట్టే లెడ్డు బద్దలు ఎక్కువ వేస్తాడని నాన్నకి ఎప్పుడూ తిట్లే. ఆ రాత్రి ఆ ఖాళీయే ఆదుకుంది. మోటారు వేస్తే కరెంటు బిల్లు గొడవని అచ్చు వేసే ట్రెడిల్ మిషను కాలితోనే తొక్కాడు. ఒక్కో కార్డూ పెట్టడం, తీయడం. నేను తడి ఆరడానికి కిందంతా పాత పేపర్లు పరిచి వాటి మీద పేర్చాను. తెల్లవారుజామున కార్డుల మధ్య కాలు పెట్టడానికి సందు లేక ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. నాన్న వేళ్లు సిరాతో నల్లగా ఉన్నాయి. ఆ చేతుల్తోనే ఎదురుగా టీ కొట్టులో నాకు బన్ను తుంపి ఇచ్చాడు. అంచున నల్లటి వేలిముద్ర. తినేశాను.

ఈ కథ మా పిల్లలకి వందసార్లు చెప్పి ఉంటాను. నాన్నంటే అదీ, అని. ఇవాళ మాత్రం చెప్పుకుంటుంటే ఎక్కడో గీసుకుంది. ఏం వచ్చింది ఆయనకి దానివల్ల? పెళ్లివాళ్లకి తెలియను కూడా తెలియదు. 1996లో ఆ యజమానే ఆఫ్‌సెట్‌కి మారిపోయి టైపంతా సీసం లెక్కన కిలోల్లో అమ్మేశాడు. పాతసామాన్లవాడు వస్తాడన్న ముందురోజు నాన్న సాయంత్రం దాకా కూర్చుని, చివరి పేజీ విప్పి, ఏ అక్షరం ఏ గడిలోదో ఆ గడిలో వేసి వచ్చాడు. వత్తులు వత్తుల్లో, గుణింతాలు గుణింతాల్లో. మర్నాడు గోతాల్లో గుమ్మరించుకుపోయేవాటిని! తర్వాత పదేళ్లు పుస్తకాల బైండింగ్ చేశాడు.

"నాన్నకి నేను కంప్యూటర్ నేర్పించాను, ఆయనే నేర్చుకోలేదు" అని అందరితో చెప్పేదాన్ని. ఇక్కడా రాసినట్టున్నాను ఒకసారి. నిజం చెప్పాలంటే నేర్పించలేదు. ఒక ఆదివారం మా డీటీపీ సెంటరులో మౌస్ చేతికిచ్చి పదిహేను నిమిషాలు చూశాను. నాన్న దాన్ని స్టిక్కు పట్టుకున్నట్టు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. కస్టమరు వచ్చాడు, లేచిపోయాను. అంతే. ఆయన మళ్లీ అడగలేదు, నేనూ పిలవలేదు.

టాలీ చెప్పే ఆ అబ్బాయి నాతో మొన్న నలభై నిమిషాలు కూర్చున్నాడు. అది కూడా రాయాలి కదా. బ్యాంకు పుస్తకానికీ నా లెడ్జర్‌కీ 27 రూపాయలు తేడా వచ్చింది. మిగతా పిల్లలు వెళ్లిపోయారు, వాచ్‌మన్ షట్టరు సగం దింపాడు. "27 రూపాయలేగా, వదిలెయ్యి బాబూ" అన్నది నేనే. వదల్లేదు. "తేడాని తొమ్మిదితో భాగించి చూడండి ఆంటీ. శేషం లేకుండా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి" అన్నాడు. వెతికితే 1,852 ఉండాల్సిన చోట 1,825 కొట్టాను. నేను! అచ్చుతప్పు! వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాన్న ప్రూఫులో తప్పు దొరికితే "దొరికాడు దొంగ" అనేవాడు. ఇంచుమించు ఆ మొహమే.

అంటే అతనికి పట్టింపు లేదనడానికి లేదు. పట్టింపు అంకెల మీద ఉంది, అక్షరాల మీద లేదు. నాకు అక్షరాల మీద ఉంది, అంకెల మీద 27 రూపాయల పాటి కూడా లేదు. ఇందులో ఎవరు గొప్పో రాత్రి పన్నెండింటికి తేల్చలేను.

ఆ, ఇంకోటి. టాలీలో మౌస్ పని చాలా తక్కువ. ఎఫ్5 కొడితే పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. అన్నీ వేళ్ల మీదే. ఇవాళ ఇరవై వోచర్లు, అంటే లావాదేవీలు, ఎంటర్ చేయమంటే క్లాసులో అందరికంటే ముందు ముగించాను. నాకు తగిలిన ఆ అమ్మాయి "ఆంటీ, మీ చేతులు చూపించండి" అంది. బాగానే అనిపించింది.

అయినా ఆ ఫ్లెక్సీ. మెట్లు దిగేటప్పుడు ఫోటో తీసుకొచ్చాను. కొత్త ఫ్లెక్సీ వేయించమంటే వాళ్లు వేయించరు. సరే, ఎర్ర స్టిక్కరు కాగితం మీద సున్న ఒక్కటీ కత్తిరించి అంటించేస్తే గొడవ వదులుతుంది కదా అని ఇందాకటి నుంచి ఫోటో పెద్దది చేసి చూస్తున్నాను. అక్షరం జానెడు ఎత్తుంటుంది. సున్న ఏ సైజులో కావాలో లెక్క కూడా వేశాను. తీరా చూస్తే, టికీ గ్‌కీ మధ్య జాగా లేదు. కొట్టినవాడు అక్షరాలు ఇరికించేశాడు. సున్న పెట్టాలంటే గ్ జరపాలి. గ్ జరిపితే వెళ్లి ఫోన్ నంబరు మీద పడుతుంది.