ఐడీలో ఒక క్యాంపస్, చదువు మరో క్యాంపస్‌లో

మన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్, జనం నోట ట్రిపుల్ ఐటీ) ఐడీ నంబరులో మొదటి అక్షరం క్యాంపస్‌ది, ఆ పక్క రెండంకెలు చేరిన ఏడాదివి. ఎన్ నూజివీడు, ఆర్ ఇడుపులపాయలోని ఆర్కే వ్యాలీ, బీ బాసర. 2008లో ఆర్జీయూకేటీ మొదలైనప్పుడు ఉన్నవి ఈ మూడే. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు చేరాక ఎస్, ఓ వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణ దారిన వెళ్లింది.

ఎస్, ఓ అక్షరాలు ముందు వచ్చాయి, భవనాలు వెనక. శ్రీకాకుళం తొలి బ్యాచ్ నూజివీడులో చదివింది, ఒంగోలు వాళ్లు ఇడుపులపాయలో. ఆతిథ్యం ఇచ్చే క్యాంపస్‌కు ఇక్కడే ఒత్తిడి మొదలవుతుంది. మంచాలు, మెస్ ఎలాగోలా సర్దుకుంటాయి. ల్యాబ్ సర్దుకోదు. పరికరాలు అవే, బ్యాచ్‌లు పెరుగుతాయి. తన వంతు ప్రయోగం వచ్చేసరికి థియరీలో ఆ పాఠం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. విద్యార్థి రికార్డు రాస్తాడు గానీ రీడింగ్ ఎందుకలా వచ్చిందో చెప్పలేడు. దీనికి కొత్త పరికరాలే కావాలని విద్యార్థులంటారు. ల్యాబ్ టెక్నీషియన్‌ను సాయంత్రం కూడా ఉంచితే సగం బరువు దిగుతుందని బోధకులంటారు. నాకు రెండోదే ముందు చేయదగ్గదనిపిస్తుంది, ఎందుకంటే కొనుగోలు ఫైలు కదిలేలోపు సెమిస్టర్ అయిపోతుంది.

అన్ని క్యాంపస్‌లకూ ఉమ్మడి ప్రశ్నపత్రం మీద మాత్రం అభిప్రాయాలు గట్టిగానే చీలతాయి. ఒకే పట్టా ఇస్తున్నప్పుడు ఒకే కొలత ఉండాలన్నది విద్యార్థుల మాట. అది న్యాయమే. కానీ తుఫాను వల్లో, నీటి ఎద్దడి వల్లో ఒక క్యాంపస్ వారం పోగొట్టుకుంటే మిగతావి ఆగాలి, లేదా ఆ క్యాంపస్ చివరి యూనిట్‌ను పరుగెత్తించాలి. పరుగెత్తిస్తే దెబ్బ తినేది పీ1 పిల్లలే, అంటే ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీలో మొదటి ఏడాది వాళ్లు. పల్లెల్లో తెలుగు మీడియంలో పది చదివి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠం అందుకోవడమే పెద్ద పని. సిలబస్, పరీక్ష ఉమ్మడిగా ఉండనివ్వండి. టైమ్‌టేబుల్, రెమెడియల్ తరగతులు, చిన్న మరమ్మతులు క్యాంపస్ డైరెక్టర్ చేతికి వదలాలి. నూజివీడుకూ ఇడుపులపాయకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు తగ్గదు. ఫ్యూజు పోయిన ప్రొజెక్టర్ అంత దూరపు సంతకం కోసం కాచుకోకూడదు.

అన్నిచోట్లా ఒకేలా నిలవాల్సిన నియమం ఒకటుంది. ప్రవేశాల్లో నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల పిల్లల పదో తరగతి ఫలితానికి కొంత స్కోరు కలపడం. గ్రేడు పాయింట్ల రోజుల్లో అది 0.4. ఈ విశ్వవిద్యాలయం ఎవరికోసం పుట్టిందో ఆ అదనపు స్కోరులోనే ఉంది.

సర్టిఫికెట్ల కోసం రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గమనించండి. దరఖాస్తులో ఐడీ నంబరు, బ్రాంచ్, చేరిన ఏడాదితో పాటు మీరు నిజంగా చదివిన క్యాంపస్‌ను కూడా విడిగా రాయండి. ఓ అక్షరం చూసి ఫైలు ఒంగోలు వెళ్తే, ఇడుపులపాయలోని రికార్డు కోసం మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది. ఉద్యోగ దరఖాస్తుల్లో ఇంటర్ గడి దగ్గర పీయూసీ అని, బోర్డు పేరున్న చోట విశ్వవిద్యాలయం పేరు రాయండి. అలవాటుగా ఇంటర్ బోర్డును ఎంచుకుంటే పత్రాల పరిశీలన రోజున మెమో మీది వివరాలు సరిపోలవు.