ఏసీ మార్చే ముందు ఒకసారి ఇల్లు చూపించండి

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేసి అన్నయ్యా, అమ్మ గదిలో ఏసీ అస్సలు చల్లబడట్లేదు, కొత్తది తీసేసుకుందాం అనుకుంటున్నాం, ఒకటిన్నర టన్ను తీసుకోమంటావా రెండు టన్నులా అని అడిగాడు. ఒరేయ్, ఇంటికి ఎవరన్నా వచ్చి గది చూసేరా అన్నాను. లేదన్నయ్యా, షాపులో గది సైజు చెప్పేం, రెండు టన్నులైతే సేఫ్ అన్నారు అన్నాడు. ఫోన్ పెట్టేసేక కూడా అదే మాట మనసులో తిరుగుతోంది. ఎందుకంటే సరిగ్గా ఇదే పని ఆరేళ్ళ కిందట మేం చేసేం, దాని ఇబ్బంది మా అమ్మ ఇవాల్టికీ పడుతోంది. వాడికి ఫోన్లో సగమే చెప్పగలిగేను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వైపు వేసవి అంటే ఎండ కన్నా ఉక్క ఎక్కువ. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, నరసాపురం దాటి కాసేపు వెళ్తే సముద్రం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ ఆ రోజుల్లో స్నానం చేసి తుడుచుకున్న ఒళ్ళు తుడుచుకున్నట్టే ఉండదు. మా బావగారు అనంతపురంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ కూలర్ పెట్టుకుని హాయిగా పడుకునేవారు, బదిలీ అయ్యాక అదే కూలర్ తెచ్చి మా హాల్లో పెడితే గదంతా చెమ్మ పెరిగిపోయి రెండో రోజే తీసేసేం. అంటే మన డెల్టాలో ఏసీకి రెండు పనులు, గాలి చల్లబరచడం ఒకటి, గాల్లో నీళ్ళు పిండెయ్యడం ఒకటి. ఈ రెండో పని గురించి షాపులో ఎవరూ ఎత్తరు, మనమూ అడగం.

మేం చేసిన తప్పు అక్కడే. అమ్మ గది కింద ఉంది, పదకొండు అడుగులు బై పది, పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి స్లాబు ఎండ తగలదు, తూర్పు వైపు ఒక్క కిటికీ, బయట రెండు కొబ్బరి చెట్ల నీడ. అలాంటి గదికి రెండు టన్నుల మామూలు ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునే ఇన్వర్టర్ రకం కాదు, తెచ్చి పెట్టేం. పెద్దది పెడితే అమ్మకి బాగుంటుంది అనే ప్రేమ తప్ప ఇంకేం లేదు. వేసిన పది నిమిషాల్లో గది చల్లబడిపోతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. ఆగిపోతే గాల్లో తేమ తియ్యడం కూడా ఆగిపోతుంది, పైగా లోపలి కాయిల్ మీద అప్పటిదాకా పట్టిన నీళ్ళని ఫ్యాన్ మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. కాసేపటికి మళ్ళీ స్టార్టు, మళ్ళీ ఆగడం, రాత్రంతా ఇదే. అమ్మ మొదటి వారంలోనే చెప్పింది, చల్లగానే ఉంది గానీ చెమ్మచెమ్మగా ఉందిరా, దుప్పటి తడిగా ఉన్నట్టుంది అని. మేం పట్టించుకోలేదు. ఆ వర్షాకాలంలో బీరువా తీస్తే పట్టుచీరల మడతల్లో బూజు, అందులో అమ్మ పెళ్ళి నాటి చీర కూడా ఉంది. ఆవిడ ఏం అనలేదు, ఎండలో ఆరేసుకుని మళ్ళీ మడతపెట్టుకుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ బీరువా తియ్యాలంటే బాధగా ఉంటుంది.

అసలు టన్ను అంటే ఏంటో కూడా అప్పట్లో నాకు తెలీదు. అది బరువు కాదు. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పడుతుందో అంత వేడిని గదిలోంచి బయటికి తోసెయ్యగలదని అర్థం, వేడిని కొలిచే లెక్కలో గంటకి 12,000 బీటీయూలు, మూడున్నర కిలోవాట్లు అనుకోండి. కాబట్టి ముందు తెలియాల్సింది గదిలోకి ఎంత వేడి వస్తోంది, ఎక్కణ్ణుంచి వస్తోంది అని, అది గదిలో నిలబడి చూస్తే గానీ తెలీదు.

ఇంక పోయిన ఏడాది సంగతి. మేడ మీద గదిలో తొమ్మిదేళ్ళ పాత ఒకటిన్నర టన్ను ఏసీ ఉంది. పిల్లలకి సెలవులిస్తే అందరం ఆ ఒక్క గదిలోనే చాపలేసుకుని పడుకుంటాం. మే నెలలో అది పూర్తిగా పడుకుంది, 18లో పెట్టినా రాత్రి ఒంటిగంట దాకా చల్లదనం లేదు. సర్వీసుకి వచ్చిన కుర్రాడు గ్యాస్ అయిపోయిందండీ అని నింపి వెళ్ళిపోయాడు, మూడు వారాలకి మళ్ళీ అదే పరిస్థితి. నాన్నగారు కొత్తది కొనేద్దాం, ఈసారి కూడా రెండు టన్నులే అన్నారు. నాకు చీరలు గుర్తొచ్చి వద్దన్నాను, ముందు ఎవరినైనా పిలిచి చూపిద్దాం అన్నాను.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దొరికేరు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. పొద్దున్న రమ్మంటే రానన్నారు. "మాస్టారూ, మీకు చల్లబడనిది రాత్రి కదండీ, నేను పగలొచ్చి ఏం చూస్తానండి, రాత్రి తొమ్మిదికొస్తాను" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది. వచ్చి అరగంట దాకా స్క్రూడ్రైవర్ బయటికి తియ్యలేదు. గది కొలిచేరు, కిటికీలు ఎటు ఉన్నాయో చూసేరు, రాత్రి ఎంతమంది పడుకుంటారని అడిగేరు. ఏడుగురం అంటే, పడుకున్న మనిషి కూడా ఇంచుమించు ఒక పాత డెబ్బై అయిదు వాట్ల బల్బంత వేడి ఇస్తాడండి, మీ ఏడుగురూ కలిపి ఏడు బల్బులు అన్నారు. తర్వాత నన్ను స్టూలెక్కి సీలింగు మీద అరచెయ్యి పెట్టమన్నారు. రాత్రి తొమ్మిదిన్నర, చెయ్యి పెడితే ఇంకా వేడిగా తగిలింది. పగలంతా స్లాబు తాగిన ఎండ రాత్రి మన మీదకి దిగుతోంది, ఏసీ ఆ స్లాబుతో యుద్ధం చేస్తోంది అన్నారు.

అప్పుడు మీటరు తీసేరు. ఏసీ నడుస్తుండగా మీటర్ బోర్డు దగ్గర 222 వోల్టులు, గదిలో ప్లగ్ దగ్గర 205. నాన్నగారు ఇన్నాళ్ళూ చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగి వోల్టేజి పడిపోతోంది అనుకునేవారు, కానీ కరెంటు మా గుమ్మం దాకా బాగానే వస్తోంది, పోతోంది మా ఇంట్లోనే. వెతికితే మెట్ల దగ్గర జంక్షన్ బాక్సులో వైరు అతుకు నల్లగా మాడిపోయి ఉంది. ఆ వైరు కూడా ఫ్యాన్లకీ లైట్లకీ వేసిన సన్న వైరే, దాని మీదే ఏసీ లాగేసేరు. పిల్లలు ఎక్కి దిగే మెట్ల పక్కన అది అలా కాలుతూ ఉందంటే నాకు ఒళ్ళు జలదరించింది. మేం కొత్త ఏసీ కొనేసి ఉంటే దాన్ని కూడా అదే వైరుకి తగిలించేవాళ్ళం కదా, అందులోనూ రెండు టన్నులది.

ఔట్‌డోర్ దగ్గరకి, అంటే బయట పెట్టే ఏసీ పెట్టె దగ్గరకి, వెళ్తే ఇంకోటి. అది పెట్టినప్పుడు అటువైపు ఖాళీ స్థలం, తర్వాత పక్కవాళ్ళు ఇల్లు కట్టుకున్నారు, ఇప్పుడు మధ్యలో అడుగున్నర సందు. ఔట్‌డోర్ వదిలిన వేడిగాలి ఆ గోడకి కొట్టుకుని మళ్ళీ దాని వెనక్కే వస్తోంది. మేం రోజూ చూసే సందే అది, ఒక్కళ్ళకీ తట్టలేదు. గ్యాస్ సంగతి అడిగితే ఆయన కొంచెం కోపంగానే అన్నారు, "గ్యాస్ అయిపోవడానికి అది వంట సిలిండరా బాబూ, వాడితే ఖర్చయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే" అని. టార్చి వేసి చూపిస్తే పైపు నట్టు దగ్గర నూనె మరక. లీకు కట్టకుండా గ్యాస్ నింపడం చిల్లికుండలో నీళ్ళు పొయ్యడమే.

చివరికి ఏం చేసేం అంటే, బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు విడిగా లాగి, లోడు ఎక్కువైతే తనే ఆపేసే ఎంసీబీ స్విచ్చి, ఎర్తింగు పెట్టించేం, ఔట్‌డోర్ తూర్పు గోడకి మార్చేం, లీకు కట్టి నైట్రోజన్‌తో పరీక్ష చేసి వాక్యూమ్ పట్టి, అంటే పైపుల్లో గాలంతా లాగేసి, గ్యాస్ నింపేరు, డాబా మీద రెండు కోట్లు సున్నం కొట్టించేం. మొత్తం కలిపి కొత్త ఏసీ ధరలో సగం కూడా కాలేదు. జూన్ మొదటి వారంలో 25లో పెట్టి దుప్పటి కప్పుకున్నాం.

అలాగని చూపిస్తే ప్రతిసారీ పాతదే ఉంచుకోమంటారని కాదు. అంతర్వేది వైపు మా పెద్దమ్మగారింటికి ఈయన్నే పంపితే, సముద్రపు గాలికి ఔట్‌డోర్ కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతున్నాయి, దీని మీద రూపాయి కూడా పెట్టొద్దు, మార్చెయ్యండి అన్నారు. కొత్తది మాత్రం రాగి కాయిల్, దాని మీద తుప్పు పట్టని పూత ఉన్నది చూసుకోమన్నారు, గాలి నేరుగా కొట్టని గోడ ఏదో కూడా ఆయనే చూపించేరు. పాతదాంట్లో ఆర్22 రకం గ్యాస్, ఇప్పటివి ఎక్కువగా ఆర్32, గ్యాస్ వేరు కాబట్టి పాత పైపులు అలాగే వాడేస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దన్నారు.

మా అక్కావాళ్ళు డల్లాస్‌లో ఉంటారు, వాళ్ళకి చలికాలం హీటరూ ఎండాకాలం ఏసీ రెండూ ఒకే గొట్టాల్లోంచి ఇల్లంతా వస్తాయి. రెండూ మార్చాల్సొచ్చినప్పుడు అక్క ముగ్గురిని పిలిచింది, ఇద్దరు బయట మిషన్ మీద నంబరు చూసి ధర చెప్పేసి వెళ్ళిపోయారు, మూడో ఆయన అటక ఎక్కి రెండు గంటలు ఉండి దిగేడు. అక్కడ ఇంటికి ఎంత ఏసీ, ఎంత హీటరు కావాలో లెక్క కట్టడానికి మాన్యువల్ జే అని ఒక పద్ధతే ఉంది, కిటికీలు, గోడలు, అటక మీద పరిచిన ఇన్సులేషన్, ఇంట్లో మనుషులు అన్నీ అందులో వెయ్యాలి. అక్కావాళ్ళ ఇంట్లో గొట్టాల అతుకులు ఊడిపోయి చల్లగాలి అటకలోకి పోతోందట. అమెరికాలో మామూలు ఇళ్ళల్లో గొట్టాల్లో వెళ్ళే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా దారిలోనే పోతుందని కరెంటు పొదుపు కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఎనర్జీ స్టార్ వాళ్ళే చెప్తారు. మనకి గొట్టాలూ లేవు, హీటరూ లేదు, ధనుర్మాసంలో నాలుగు రోజులు గీజరు వేస్తాం అంతే. కానీ అక్క చెప్తుంటే నాకు మా మెట్ల దగ్గర మాడిన అతుకే కళ్ళముందు కనిపించింది.

మా తమ్ముడి విషయానికొస్తే, గురువారం రాత్రి ఎనిమిది దాటాక ఆ పెద్దాయన వస్తానన్నారు. షాపులో అడ్వాన్స్ ఇవ్వొద్దని వాడికి గట్టిగా చెప్పేను. పిన్నికి కూడా ఫోన్ చేసేను, ఆవిడ చుట్టం వస్తున్నట్టు గదంతా కడిగి సర్దేస్తుంది, అందుకని పిన్నీ ఆ రోజు ఏమీ సర్దొద్దు, రోజూ వేసే మోటరు వెయ్యి, రోజూ తీసి ఉంచే తలుపు తీసే ఉంచు, ఆయన చూడాల్సింది అదే అని చెప్పేను.