చుక్క జూలు

గేటు స్తంభానికి అంటుకున్న వెంట్రుకల్ని మొదట చూసింది మా ఆయన. 2021 మే నెల. డ్యూటీ నుంచి వస్తూ బీడు దగ్గర ఆగి ఫోన్ చేశాడు, "ఎవరో జడ పీకి ఇక్కడ వేలాడదీసినట్టుంది, ఒకసారి రా" అని. వెళ్ళి చూస్తే పిడికెడు వెంట్రుకలు. కుదుళ్ళకి తెల్లటి పొట్టు, ఒకటి రెండు చోట్ల ఎండిన రక్తం. పక్కనే చుక్క అనే గుర్రం పిరుదులు స్తంభానికి ఆనించి, కళ్ళు సగం మూసి, కింది పెదవి వేలాడేసి ఊగుతోంది. అటూ ఇటూ, అటూ ఇటూ. మేమొచ్చినా ఆపలేదు.

చుక్క మాది కాదు. మేముండేది స్కాట్లాండ్ పడమటి తీరంలో, ఓబన్‌కి కాస్త ఎడంగా. పక్కింటి పెద్దావిడకి మోకాలి ఆపరేషన్ అయింది, "కొన్నాళ్ళు దీన్ని చూసుకుంటావా" అని అడిగారు. ఐస్‌లాండ్‌లో పుట్టిన ఆడగుర్రం, ఏడేళ్ళ వయసులో, 2018 చివర్లో ఇక్కడికి తెచ్చారు. అసలు పేరు స్త్యార్నా, వాళ్ళ భాషలో నక్షత్రమట. నాకు నోరు తిరగలేదు. నుదుటి మీద తెల్లమచ్చ ఎలాగూ ఉంది కదా అని మొదటి రోజే చుక్క అనేశాను, అదీ పలికింది. మా తాత తెనాలిలో జట్కా తోలేవాడు. గుర్రానికి గడ్డెయ్యడం, నీళ్ళు పెట్టడం, గొరపంతో ఒళ్ళు రుద్దడం చిన్నప్పుడు చూసినదాన్నే. ఆ ధైర్యంతోనే సరేనన్నాను. కానీ తాత దగ్గర చూసినదానికీ నాకొచ్చిన పనికీ సంబంధం లేదు.

మొదట పేలనుకున్నాను. జూలు పాయలు తీసి సన్న దువ్వెనతో దువ్వాను, ఏమీ రాలలేదు. రెండు రోజులకి మెడ మీది జూలు అరిగిపోయిన చీపురు కట్టలా నిలబడింది. తోక మొదలు దగ్గర వెంట్రుకలు పోయి చర్మం ఏనుగు తోలులా ముడతలు పడింది, ముడతల మధ్య రసి కారి పక్కు కట్టింది. వంగి పొట్ట కింద చూస్తే నడిమి గీత పొడవునా చిన్న చిన్న కురుపులు. రాత్రిళ్ళు కంచెకి రుద్దుకునే చప్పుడు మా పడగ్గదికి వినిపించేది. కర్ర కిర్రుమంటుంటే నా ఒళ్ళు కూడా దురద పెట్టేది, నిజంగా.

డాక్టరమ్మ వచ్చి వెంటనే పేరు చెప్పెయ్యలేదు. తోక కింద సెలోటేప్ ముక్క అంటించి తీసింది, నులిపురుగు లాంటిది ఒకటుంటుందట, అది అక్కడ గుడ్లు పెడితే గుర్రం తోక రుద్దుకుంటుంది. కొన్ని వెంట్రుకలు పీకి తామర ఉందేమో చూడ్డానికి పంపింది. రెండూ లేవని తేలాక అప్పుడు చెప్పింది, "స్వీట్ ఇచ్". దురదకి తీపి అని పేరు పెట్టినవాడు ఎవడో గానీ వాడు ఎన్నడూ గోక్కుని ఉండడు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, బాగా గోక్కున్నవాడే పెట్టుంటాడనిపించింది.

కారణం మిడ్జెస్. మన చీకటీగల్లాంటివే, ఇంకా చిన్నవి, ఒకటి రెండు మిల్లీమీటర్లు. మన దోమతెర కన్నాల్లోంచి దూరిపోతాయి. కుట్టేది ఆడవి మాత్రమే, గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి వాటికి. వాటి ఉమ్మిలో ఉండే ప్రొటీన్లు కొన్ని గుర్రాలకి పడవు. వేరుశెనగ పడని పిల్లాడికి ఒక్క గింజ చాలినట్టు, వీటికి నాలుగు కాట్లు చాలు, ఒళ్ళంతా రణమవుతుంది. అంటువ్యాధి కాదు. వంశంలో వస్తుంది కాబట్టి ఇలాంటి ఆడగుర్రానికి పిల్లలు పుట్టించవద్దు. నయం చేసే మందు లేదు. ఇదంతా డాక్టరమ్మ కంచె మీద కాగితం పెట్టి బొమ్మలు గీసి మరీ చెప్పింది.

ఐస్‌లాండ్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. అక్కడ చాలాకాలం ఈ పురుగులే లేవు. అందుకని అక్కడ పుట్టి పెరిగిన గుర్రం ఒంటికి వీటి కాటు అలవాటు లేదు. పెద్దయ్యాక బయటి దేశానికి తెస్తే రెండో ఏడో మూడో ఏడో దురద మొదలవుతుంది, పురుగు ఎక్కువున్న చోట్ల అలా వచ్చిన గుర్రాల్లో సగం దాకా దీని పాలబడతాయి. అదే జాతి గుర్రం ఇక్కడే పుడితే అంత ఎక్కువ రాదు. మరి తిరిగి పంపేస్తే పోదా అని అడిగాను. పోతుందేమో, కానీ పంపడానికి లేదు. ఐస్‌లాండ్ నుంచి ఒకసారి బయటికెళ్ళిన గుర్రాన్ని మళ్ళీ ఆ దేశంలోకి రానివ్వరు, రోగాలు వస్తాయని చట్టమే ఉంది. పైగా 2015 నుంచి అక్కడా ఈ జాతి పురుగు ఒకటి మనుషుల్ని కుట్టడం మొదలుపెట్టిందట.

మొదటి ఏడాది నేను చేసిందంతా మందుల మీద డబ్బు తగలెయ్యడం. గుర్రాల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళి, అరలో ఏది కనబడితే అది తెచ్చాను. వెల్లుల్లి పొడి, సిట్రొనెల్లా స్ప్రే, ఏవో లేపనాలు. ఊళ్ళో సంగతి తెలిసి ఫోన్లు, "వేపనూనె రాయలేదా?" అని. రాశాను. ఆ వాసన నాకు నచ్చింది, చుక్కకి నచ్చలేదు, గంటన్నరకి మళ్ళీ స్తంభం దగ్గరికే వెళ్ళింది. అమ్మ అయితే, "మీ తాత గుర్రానికి దురద లేదేమిటే, సాయంత్రమైతే పచ్చిగడ్డి పొగ పెట్టేవాడు. డాక్టర్లూ పరీక్షలూ, నీకు పని లేక" అంది. పొగ పెట్టడానికి ఇక్కడి శాల గోడలూ పైకప్పూ అన్నీ చెక్కే, అని చెబితే నవ్వింది.

ఒకరోజు పెద్దావిడ తన పాత అలమరలోంచి ఒక సీసా తీసి ఇచ్చారు. మూత తీసేసరికి నాకు గుంటూరు హాస్టల్ గుర్తొచ్చింది. బెంజైల్ బెంజోయేట్. తొమ్మిదో తరగతిలో గదిలో అందరికీ గజ్జి పడితే వార్డెన్ వరసగా నిలబెట్టి మెడ నుంచి కాళ్ళ దాకా పూయించిన మందు ఇదే. గోకి గోకి పుండైన చోట అది ఎలా మండుతుందో నాకు తెలుసు, ఆ రాత్రి ఇద్దరు పిల్లలు ఏడ్చారు. అన్నీ తెలిసి కూడా, చుక్క తోక మొదలు మీద, పక్కు ఊడిన చోట, దూదితో అద్దాను. అది వెనక కాలు విసిరింది. నా మోకాలికి అంగుళం పక్కనుంచి పోయింది. తర్వాత బీడు ఆ చివరికి పరిగెత్తి, నేను పిలిస్తే రెండు రోజులు రాలేదు. పుండు పడకముందు, మంచి చర్మానికి రోజూ రాస్తే ఆ మందు పనిచేస్తుందట. సీసా మీద రాసే ఉంది. నేను చదవలేదు.

జూన్ చివరికి పరిస్థితి చెయ్యి దాటింది. ముందు క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో పుండ్లు కడగమంది డాక్టరమ్మ. నురగ పట్టించి పది నిమిషాలు ఉంచాలి, వెంటనే కడిగేస్తే ప్రయోజనం లేదు. చల్లగాలిలో తడి గుర్రం తాడు పట్టుకుని పది నిమిషాలంటే ఎంతసేపో నించున్నవాళ్ళకే తెలుస్తుంది. తర్వాత ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, రోజూ పొద్దున, తగ్గించుకుంటూ. ఇవ్వడానికి ఆవిడే జంకింది. ఐస్‌లాండ్ గుర్రాలు గాలి పీల్చినా ఒళ్ళు చేస్తాయి, చుక్క అసలే బొద్దుగా ఉంది. లావు గుర్రానికి స్టెరాయిడ్ ఇస్తే గిట్టల లోపల వాచే ల్యామినైటిస్ అనే జబ్బు రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని పొద్దున్నే నాలుగు గిట్టల మీదా అరచెయ్యి ఆనించి వేడి చూడాలి, గిట్టకి పైన, కాలి వెనక రెండు వేళ్ళు పెట్టి నాడి చూడాలి. బాగున్న గుర్రానికి అక్కడ నాడి దొరకడమే కష్టం, టపటపా కొట్టుకుంటూ సులువుగా దొరికిందంటే భయపడాలి. మా ఆయన నర్సు, మనుషుల నాడి పట్టి జీతం తీసుకునేవాడు, అయినా మొదటి రోజు పావుగంట వెతికాడు. ఆ మూడు వారాలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. దురద తగ్గింది, గిట్టలకి ఏమీ కాలేదు.

మాత్రలు అయిపోయిన రోజు డాక్టరమ్మ బీడంతా ఒకసారి తిరిగింది. ఆ బీడంటే పెద్దావిడకి ఎంతో గొప్ప. మూడు వైపులా చెట్లు, కింద వాగు, వాగు ఒడ్డున జమ్ము, గాలి తగలదు, చలికాలం ఎంత హాయో అని. డాక్టరమ్మ ఆ జమ్ము దగ్గర నిలబడి చేత్తో మొహం విసురుకుంటూ, "ఇది గుర్రం ఉండే చోటు కాదు, మిడ్జెస్ ఉండే చోటు" అంది. తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో పెరుగుతాయి అవి. ఎగరడం బొత్తిగా చేతకాదు, గంటకి పది పన్నెండు కిలోమీటర్ల గాలి వీస్తే చాలు, లేవలేవు. ఈ దేశంలో వానకి చెప్పినట్టే మిడ్జెస్‌కీ సూచన చెబుతారు, ఒకటి నుంచి అయిదు దాకా. అప్పటిదాకా అది చూసి నవ్వుకునేదాన్ని.

ఎత్తు మీద, సముద్రం వైపు తిరిగి ఒక బీడుంది, గొర్రెల రైతుది. చెట్టన్నది లేదు, ఎప్పుడూ హోరు గాలి. అక్కడ కట్టెయ్యడం పాపమనిపించింది నాకు. చుక్క మాత్రం గేటు దాటగానే గాలికి ఎదురుగా నిలబడి, ముక్కుపుటాలు విప్పి, తోక ఎత్తి ఒక చుట్టు పరిగెత్తింది. గొర్రెలు బెదిరాయి. రైతు అద్దె వద్దన్నాడు, కంచె బాగుచెయ్యడానికి రెండు శనివారాలు వస్తే చాలన్నాడు. వెళ్ళాం.

రెండో ఏడాది, 2022లో, మార్చి నెలాఖరుకే దుప్పటి వేశాం. ఒక్క పురుగూ ఇంకా లేవలేదు, ఒంటి మీద ఒక్క గాటూ లేదు. దురద మొదలయ్యాక వేస్తే లాభం లేదు, మొదలవకముందే వెయ్యాలి, నేను ఏడాది ఆలస్యంగా తెలుసుకున్న ముక్క ఇదే. ఆ దుప్పటి మామూలుది కాదు, చెవుల వెనక నుంచి తోక మొదలు దాకా, పొట్ట కింద కూడా ఒంటికి అంటుకుని ఉండే పల్చటి నేత. వంద పౌండ్లు దాటింది. చుక్క వారానికోసారి చింపేది. చింపిన చోటే చీకట్లో పురుగులు కుడతాయి, కాబట్టి ఆ రాత్రే కుట్టాలి. ఇక్కడి సూదులు ఆ గుడ్డకి వంగిపోయాయి. అమ్మ చేత గోతాలు కుట్టే దబ్బనాలు నాలుగు తెప్పించాను, పసుపు పొడి పొట్లంలో గుచ్చి పంపింది. వంటింటి బల్ల మీద గుర్రపు చెమట వాసన కొట్టే దుప్పటి పరిచి, దబ్బనంలో నైలాన్ దారం ఎక్కించి కుడుతుంటే, మా తాత జట్కా పట్టెడ కుట్టుకుంటూ దారం పళ్ళతో కొరకడం కళ్ళముందు కదిలింది. నేనూ పళ్ళతోనే కొరికాను. ఉప్పగా ఉంది.

దుప్పటితోనే సరిపోదు. పురుగు జోరు పొద్దుగూకేటప్పుడూ తెల్లారేటప్పుడూ. ఇక్కడ జూన్‌లో రాత్రి పది దాటాక గానీ పొద్దుగూకదు, నాలుగున్నరకల్లా తెల్లారిపోతుంది. అందుకని సాయంత్రం నాలుగుకి శాలలోకి, పొద్దున ఎనిమిది దాటాక బయటికి. శాలలో పెద్ద ఫ్యాను, దాని నోటికి అందని ఎత్తులో. పదహారు గంటలు లోపలుంటే విసుగు కదా, సన్న కన్నాల వలలో ఎండుగడ్డి కూరి రెండు చోట్ల వేలాడదీశాం, లాక్కుని తింటూ కాలక్షేపం చేస్తుందని. రోజూ నాలుగు గంటలకి ఎక్కడున్నా నేను అక్కడుండాలి. పిల్లల స్కూలు ఫంక్షన్లు, ఎవరింటికో భోజనాలు, అన్నీ ఆ టైము చూసుకునే. ఈ విషయంలో మా ఇంట్లో రెండు మూడు గొడవలు కూడా అయ్యాయి, అవి రాయను.

ఆ సెప్టెంబరులో నేనే చెడగొట్టాను. లండన్ నుంచి చుట్టాలు వచ్చారు, పిల్లలు గుర్రం ఎక్కుతామన్నారు. దుప్పటి విప్పి, దువ్వి, ఫొటోలు తీసి, కబుర్లలో పడి, బయటే వదిలేశాను. గాలి లేని వెచ్చటి రాత్రి. ఒక్క రాత్రి. పొద్దున వెళ్ళేసరికి తోక మొదలు పచ్చి పుండు, ఆరు నెలలుగా పెరిగిన జూలులో జానెడు మేర లేదు. కంచె పక్కన కూర్చుని ఏడ్చాను. పెద్దావిడ చేతికర్ర పొడుచుకుంటూ అంత ఎత్తూ ఎక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఏమీ అనలేదు. తర్వాత, "నా దగ్గరున్నప్పుడు నేను రెండేళ్ళు గమనించనే లేదు" అన్నారు.

టీకా వస్తుందేమోనని డాక్టరమ్మని ప్రతిసారీ అడుగుతుంటాను. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ వాళ్ళు ఒక రకంగా, బెర్న్ వాళ్ళు ఐస్‌లాండ్ వాళ్ళతో కలిసి ఇంకో రకంగా పని చేస్తున్నారట. బెర్న్, ఐస్‌లాండ్ వాళ్ళది, గుర్రం ఆ దేశం దాటకముందే ఒంటికి అలవాటు చేసే ప్రయత్నం. అది ఫలించినా చుక్కకి ఆలస్యమే.

ఇది మూడో వేసవి. జూలు మెడ దాటి భుజం మీద పడుతోంది, జానెడున్నర కొలిచాను. తోక మొదలు మీద పాత మడతలు అలాగే ఉన్నాయి, అవి పోవట, మధ్యలోంచి వెంట్రుకలు మాత్రం మొలిచాయి, కొన్ని తెల్లవి. నిన్న పొద్దున ఎత్తు మీది గేటు స్తంభానికి ఏదో అంటుకుని కనబడితే గుండె ఝల్లుమంది. దగ్గరికెళ్ళి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాను. గొర్రె ఉన్ని. అయినా నాలుగుకి బదులు మూడున్నరకే లోపలికి తెచ్చాను.