50 కిలోల మెషీన్, 30 కిలోల ఐసు

మా వీధి చివర కొత్తగా జ్యూస్ షాపు పెడుతున్న అబ్బాయి మొన్న వచ్చి, "అక్కా, ఐసు మెషీన్ తీసుకుందామనుకుంటున్నా, ఏ కంపెనీది మంచిది?" అని అడిగాడు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు నీ షాపులో మురుగు నీళ్ల గొట్టం ఎక్కడుందో చెప్పు అన్నాను. నేనేదో మాట మార్చాననుకున్నట్టున్నాడు. మూడేళ్ల కింద నన్ను ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. పాపం వాడికి నిలబడి చెప్పడానికి ఆరోజు టైం లేదు, అందుకే అంతా ఇక్కడ రాస్తున్నా.

మాది విజయవాడలో పది అడుగుల షాపు. బత్తాయి, పైనాపిల్, నిమ్మసోడా, ఎండాకాలమైతే ఫలూదా. మెషీన్ కొనకముందు ఐసు ఫ్యాక్టరీ గడ్డే దిక్కు. పొద్దున్నే ట్రాలీ ఆటోలో గోనె పట్టాలు కప్పుకొని వచ్చేది, గుమ్మం ముందు దబ్బున పడేసి వెళ్లిపోయేవాడు, దాన్ని మేము కడిగి సుత్తితో పగలగొట్టుకోవాలి. అదే ఆటో మా తర్వాత చేపల మార్కెట్టుకి వెళ్తుంది. తినకూడని ఐసుకి నీలం రంగు కలపాలని మహారాష్ట్రలో 2018లో రూలు పెట్టారు, మాకు వచ్చే గడ్డ మాత్రం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. అంటే తినేదే అనుకోవాలా, ఇక్కడ రంగే వెయ్యరనుకోవాలా? ఒకరోజు గడ్డ పగలగొడితే మధ్యలో చిన్న తాడు ముక్క, చక్కగా గాజులో పెట్టినట్టు కనబడింది. ఆ రాత్రే మా ఆయనతో ఇక మెషీన్ కొందామన్నాను.

24 గంటలకు 50 కిలోలు ఇస్తుందని రాసి ఉన్నదే తీసుకున్నాం. షాపు దాకా తెచ్చేటప్పుడు ఆటోలో పక్కకు పడుకోబెట్టి తెచ్చారు, దింపగానే మా మరిది ప్లగ్గు పట్టుకొని రెడీగా ఉన్నాడు. మెకానిక్ గారు ఫోన్లో గట్టిగా ఆపారు. పడుకోబెడితే కంప్రెసర్లో ఉండాల్సిన ఆయిల్ గొట్టాల్లోకి పోతుందట, నిటారుగా నిలబెట్టి అది కిందికి దిగేదాకా ఆగాలి, "ఒక రోజు వదిలెయ్యండి మేడమ్, ఇన్నాళ్లు ఆగినవాళ్లు ఇంకో రోజు ఆగలేరా" అన్నారు. ఆగాం. తర్వాత నాలుగు కాళ్లూ తిప్పి లెవెల్ చూసుకున్నాం, రసమట్టంతో. ఒక పక్కకి ఒరిగితే లోపల నీళ్లు కూడా ఒరుగుతాయి, ఐసు ఒకవైపు లావుగా ఒకవైపు పల్చగా వస్తుంది.

పెట్టిన చోటే తప్పు పెట్టాం. షాపు వెనక చిన్న గది ఉంది, అందులో అప్పటికే డీప్ ఫ్రిజ్ ఉంది, దాని పక్కన సరిగ్గా ఇది పట్టేంత సందు ఉంది, కొలిచి చేయించినట్టు పట్టింది కూడా. మా ఆయన తెగ సంబరపడిపోయాడు. ఫిబ్రవరిలో బాగానే నడిచింది. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి రోజంతా గుర్రుమంటూనే ఉంది, ఐసు మాత్రం 30 కిలోలు దాటట్లేదు. సరిగ్గా మాకు 50 కావాల్సిన రోజుల్లోనే.

మోసపోయామని గొడవ పెట్టుకుందామనుకున్నాం. అప్పుడు మెకానిక్ గారు మెషీన్‌తో వచ్చిన పుస్తకం తీసి వెనక పేజీలో చిన్న అక్షరాలు చూపించారు. ఆ 50 కిలోలు, చుట్టూ గాలి 10 డిగ్రీలు, లోపలికొచ్చే నీళ్లు 10 డిగ్రీలు ఉంటే! బెజవాడలో 10 డిగ్రీలు ఎప్పుడు చూశామండీ? కొన్ని కంపెనీలు 32 డిగ్రీల గాలి, 21 డిగ్రీల నీళ్ల లెక్కన వేస్తాయట, అది కాస్త నిజాయితీ లెక్క, కానీ మే నెల మధ్యాహ్నం మా మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి, ఆ లెక్కకీ అందవు.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, పదో తరగతి లెక్కే. కిలో నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కిలో కేలరీ తియ్యాలి, 0 డిగ్రీల నీటిని గడ్డ కట్టించడానికి ఇంకో 80. అంటే 10 డిగ్రీల నీళ్లయితే మొత్తం 90, 35 డిగ్రీలవైతే 115. గడ్డ కట్టే పని మొదలవకముందే నాలుగో వంతు పైగా అదనపు చాకిరీ. పైగా అలా తీసిన వేడినంతా మెషీన్ ఎక్కడో ఒకచోట వదలాలి కదా, గాలితో చల్లబడే మెషీన్ ఆ గదిలోకే వదులుతుంది. పక్కన డీప్ ఫ్రిజ్ దాని వేడి అది వదులుతుంది. తలుపు వేసి ఉంటుంది. రెండూ ఒకదాని మొహం మీద ఒకటి వేడి ఊదుకుంటూ కూర్చున్నాయన్నమాట.

తలుపు తీయించి జాలీ పెట్టించాం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం, డీప్ ఫ్రిజ్ ముందు గదిలోకి వచ్చింది, మెషీన్‌కి వెనకా పక్కలా జానెడు ఖాళీ వదిలాం. జల్లెడలాంటి ఫిల్టర్ ఒకటి ముందు భాగంలో ఉంటుంది, దుమ్ము పట్టేది దానికే, వారానికోసారి విప్పి కడుగుతాం. నీళ్లు నేరుగా మేడ మీద నుంచి కాకుండా నీడలో ఉన్న చిన్న ట్యాంకులో నిలవ ఉంచి ఇస్తున్నాం. ఇంకో కిటుకు, ఇది మెకానిక్ గారు చెప్పలేదు, మేమే కనిపెట్టాం: రాత్రిపూట గాలీ నీళ్లూ చల్లగా ఉంటాయి కాబట్టి ఐసు ఎక్కువ వస్తుంది, కానీ ఐసు రాలి పడే తొట్టి నిండగానే మెషీన్ ఆగిపోతుంది. అందుకని షాపు కట్టేటప్పుడు తొట్టిలోదంతా ఐసు బాక్సులోకి తీసి ఖాళీ చేసి వెళ్తాం, తెల్లారేసరికి మళ్లీ నిండా ఉంటుంది. ఇప్పుడు మే నెలలో కూడా 40 దగ్గర పడుతోంది.

తొట్టి అంటే గుర్తొచ్చింది, అది ఫ్రిజ్ కాదు. అందులో కూలింగ్ ఉండదు, చుట్టూ వేడి రాకుండా ఆపే గోడలు ఉంటాయి అంతే, ఐసే ఐసుని చల్లగా ఉంచుతుంది, మెల్లగా కరుగుతూ ఉంటుంది. ఆ కరిగిన నీళ్లు పోవాలి. ఇక్కడే మురుగు గొట్టం కథ.

దీని లోపల నీళ్లు తోసే మోటారు మురుగు వైపు లేదు, నీళ్లు వాటంతట అవే పల్లానికి పోవాలి. అడుగుకి పావు అంగుళం వాలు కావాలి. మాకు గోడ దగ్గర గొట్టం కాస్త పైకి లేచి మళ్లీ దిగింది, చూడ్డానికి ఏమీ అనిపించదు, రెండో రోజుకి తొట్టి అడుగున ఐసు నీళ్లల్లో తేలుతోంది. అది సరి చేసేటప్పుడు ప్లంబర్ ఇంకో తప్పు చెయ్యబోయాడు. గొట్టం తీసుకెళ్లి మురుగు పైపులోకి బిగించి సిమెంటు పూసేస్తా, శుభ్రంగా ఉంటుంది అన్నాడు. అస్సలు వద్దు. మెషీన్ గొట్టం చివరకీ కింద మురుగు రంధ్రానికీ మధ్య కనీసం అంగుళం గాలి ఖాళీ ఉండాలి. ఎప్పుడైనా వర్షానికి కాలవ పొంగితే ఆ మురుగు బయట నేల మీద పడాలి గానీ మన ఐసులోకి రాకూడదు. మా వీధిలో వానాకాలం కాలవ పొంగడం కొత్తేమీ కాదు.

కరెంటు విషయం క్లుప్తంగా చెప్తా ఎందుకంటే ఇందులో చర్చ లేదు. దీనికి వేరే లైను, వేరే ఎంసీబీ, మంచి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. నీళ్లు, తడి నేల, ఇనప డబ్బా, చెప్పుల్లేని కాళ్లు అన్నీ ఒకేచోట ఉంటాయి. మేము మొదటి వారం మిక్సీల ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే పెట్టాం, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, బాక్సు కరిగి ప్లగ్గు అందులో అతుక్కుపోయింది. షాపు కాలలేదు, అదృష్టం. ఓల్టేజీ పడిపోయే ఏరియా అయితే స్టెబిలైజర్ కూడా కావాలి.

ఇక నీళ్లు. మా బోరు నీళ్లు టీడీఎస్, అంటే నీళ్లల్లో కరిగిన ఉప్పుల లెక్క, 900 దాటి ఉంటాయి, తాగే నీటికి 500 లోపు మంచిదని మన బీఐఎస్ లెక్క. ఈ మెషీన్లు ఐసుని తెల్లగా కాకుండా అద్దంలా ఎలా చేస్తాయో తెలుసా? నీళ్లని నిలవ ఉంచి గడ్డ కట్టించవు, చల్లటి అచ్చుల మీద పారిస్తూనో చిమ్ముతూనో ఉంటాయి. శుభ్రమైన నీరు ముందు గడ్డ కడుతుంది, ఉప్పులు మిగిలిన నీళ్లల్లో చేరి చివర్లో బయటకు పోతాయి. నీళ్లు వృథా చేస్తోందని మా అత్తగారు రోజూ బాధపడే నీళ్లు అవే, ఇప్పుడు వాటితోనే షాపు ముందు కడుగుతున్నాం. కానీ అన్నీ బయటకు పోవు. ఆర్వో పెట్టించకుండా బోరు నీళ్లే పెట్టిన మా మొదటి ఎండాకాలం, అచ్చుల మీద తెల్లటి పొర పేరుకుంది. ఐసు తయారయ్యాక వేడి గ్యాసు అచ్చుల వెనక నుంచి వెళ్లి ముక్కల్ని వదిలిస్తుంది, అప్పుడు తొట్టిలోకి జలజలా రాలతాయి, వినడానికి బాగుంటుంది. ఆ పొర వల్ల ముక్కలు వదలడం మానేశాయి, దాని మీదే మళ్లీ గడ్డ కట్టి అంతా ఒకే పలకయింది. మా మరిది స్క్రూడ్రైవర్ తీసుకొచ్చాడు. ఆ చేతిని నేను పట్టుకోకపోతే అచ్చులకి చిల్లు పడి గ్యాసంతా పోయేది, మెషీన్ పాత ఇనుముకి వెళ్లేది. పైగా మా దాంట్లో ఉన్న కూలింగ్ గ్యాసు ఆర్290, అంటే ప్రొపేన్, వంటగ్యాసుకి చుట్టమే, నిప్పు అంటుకుంటుంది. వెనక మంట బొమ్మ ఉన్న స్టిక్కర్ చూడండి. స్విచ్ ఆపి మూత తీసి వదిలేస్తే గంటన్నరలో దానంతటదే కరిగి ఊడింది.

ఆర్వో పెట్టించాక ఆ బాధ తగ్గింది. మరీ టీడీఎస్ తగ్గించెయ్యకండి, కొన్ని మెషీన్లు నీళ్ల మట్టాన్ని కరెంటు తీగల్లాంటి వాటితో పసిగడతాయి, ఉప్పులు బొత్తిగా లేకపోతే నీళ్లున్నా లేవనుకుంటాయి.

కడగడం గురించి చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. రెండు మందులుంటాయి. ఒకటి తెల్ల పొర కరిగించే యాసిడ్ రకం, ఇంకోటి క్రిములు చంపే క్లోరిన్ రకం. మొదటిది పోసి తిప్పి, మంచినీళ్లతో బాగా కడిగేసి, ఆ తర్వాత రెండోది, మళ్లీ కడగడం. మా మరిది ఓ ఆదివారం రెండూ ఒకేసారి పోస్తే పని త్వరగా తెములుతుందనుకున్నాడు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. నేను ముందు గదిలో బత్తాయిలు ఏరుతున్నాను, "వదినా" అని ఒక్క కేక, తర్వాత దగ్గు తప్ప మాట లేదు. కళ్లు మంటలు, ముక్కులో ఘాటు, షట్టర్ పూర్తిగా లేపి వాణ్ని రోడ్డు మీదకి లాక్కొచ్చా. గంట సేపు అరుగు మీదే కూర్చున్నాడు. మూడు రోజులు దగ్గాడు. అప్పట్నుంచి ఆ రెండు డబ్బాలూ వేరే వేరే అరల్లో ఉంటాయి, బాత్రూం యాసిడ్ అసలు ఆ గదిలోకే రాదు. కంపెనీవాళ్లు ఆరు నెలలకోసారి చాలంటారు, మన నీళ్లకి, మన దుమ్ముకి మేము నెలకోసారి చేస్తాం. కడిగాక వచ్చిన మొదటి రెండు మూడు విడతల ఐసు పారబోస్తాం, కొత్త మెషీన్‌కీ అంతే.

చల్లగా ఉంటే క్రిములు చచ్చిపోతాయని చాలామంది నమ్మకం. అన్నీ చావవు, చాలామటుకు నిద్రపోతాయి, గ్లాసులో పడ్డాక లేస్తాయి. తొట్టి మూలల్లో గులాబీ రంగు జిగురు కనబడితే అర్థం అదే. అందుకే చేత్తో తియ్యకూడదు, గరిటె వాడాక తొట్టిలో వదిలెయ్యకూడదు, పిడి ఐసుకి తగులుతుంది కదా, బయట గోడకి కొక్కెం పెట్టి తగిలిస్తాం. గాజు గ్లాసుతో ఐసు తోడితే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఒకసారి అలాగే అంచు విరిగింది, ఐసులో గాజు ముక్క ఎవరికి కనబడుతుంది? శనివారం సాయంత్రం, షాపు నిండా జనం, తొట్టి మొత్తం ఖాళీ చేసి వేడినీళ్లతో కడిగాం. ఆ తర్వాత కూడా ఒకతను వాటర్ బాటిల్ ఇచ్చి "అక్కా, ఐదు నిమిషాలు ఐసులో పెట్టవా" అన్నాడు. పెట్టలేదు. అలిగి పక్క షాపుకి వెళ్లాడు, వెళ్లనీ.

నిన్న ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. కొలిచి చూస్తే వాడి షాపులో మురుగు రంధ్రం నేల కన్నా అరడుగు ఎత్తులో ఉందట. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా అన్నాను. ఇవ్వలేదన్నాడు. అయితే ముందు వెల్డింగ్ షాపుకెళ్లి అడుగున్నర ఎత్తు స్టాండు చేయించుకో అని పంపించా.