21 నిండగానే పంపించేసే సంఘంలో జీవితాంతం నిలిచే అన్నదమ్ములు

అమెరికాలో ఫ్రాటర్నిటీ అనగానే మనవాళ్ల కళ్లముందు కదిలేది గుమ్మం మీద గ్రీకు అక్షరాలున్న ఇళ్లు, రాత్రి పార్టీలు, ర్యాగింగు. డిమోలే అనే అబ్బాయిల సంఘం ఆ బాపతు కాదు. 12 ఏళ్లకే చేరొచ్చు. 21వ పుట్టినరోజు వచ్చిందంటే మామూలుగా ఇక పదవి ఉండదు, ఓటూ ఉండదు. మహా అయితే తొమ్మిదేళ్లు. అంత తక్కువ కాలంలో కుదిరిన స్నేహాలు అరవై, డెబ్భై ఏళ్ల వయసులోనూ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. చేరేటప్పుడు చేసే ప్రమాణాల మహిమ అని చాలామంది అనుకుంటారు కానీ, అసలు పనంతా సంఘం నిర్మాణంలోనే ఉంది.

మొదలైంది 1919 మార్చిలో, మిజోరీ రాష్ట్రం కాన్సాస్ సిటీలో. ఫ్రాంక్ లాండ్ అక్కడ మేసన్లు అనే పెద్దల సోదర సంఘంలో స్కాటిష్ రైట్ శాఖ సహాయ విభాగం చూసుకునేవాడు. వయసు 28. తండ్రిని పోగొట్టుకున్న లూయిస్ లోవర్ అనే కుర్రాడికి ఒక చిన్న ఉద్యోగం ఇచ్చాడు. ఆ అబ్బాయికి కావలసింది జీతం ఒక్కటే కాదని, పెద్దదిక్కు కూడా కావాలని లాండ్‌కు అర్థమైంది. నీ స్నేహితుల్ని తీసుకురా అన్నాడు. లోవర్‌తో కలిపి తొమ్మిదిమంది వచ్చారు. అదే తొలి చాప్టర్, అంటే స్థానిక శాఖ. లాండ్‌ను అందరూ ‘డాడ్’ అనేవారు. ఇప్పటికీ చాప్టర్‌కు తోడుండే పెద్దవాళ్లను, అంటే అడ్వైజర్లను, అలాగే పిలుస్తారు. వాల్ట్ డిస్నీ ఈ కాన్సాస్ సిటీ చాప్టర్ సభ్యుడే. బిల్ క్లింటన్ కుర్రతనంలో ఆర్కాన్సాస్‌లో చేరాడు.

డిమోలే అంటే మేసన్రీ, అంటే ఆ మేసన్ల సంఘం, కాదు. ప్రతి చాప్టర్‌కూ ఒక మేసనిక్ సంస్థ అండ ఉంటుంది, సమావేశాలు చాలావరకు మేసన్ల సమావేశ మందిరాలైన లాడ్జి భవనాల్లోనే జరుగుతాయి. అంతమాత్రాన 21 దాటగానే కుర్రాడు మేసన్ అయిపోడు. చేరాలంటే విడిగా అడగాలి, చేరకపోయినా అడిగేవాడు లేడు. దేవుడి మీద నమ్మకం ఉండాలంటారు. ఫలానా మతమే అని లేదు.

ఇక ఆ నిర్మాణం సంగతి. చాప్టర్‌లో 23 పదవులుంటాయి. పైన ముగ్గురు: మాస్టర్ కౌన్సిలర్, సీనియర్ కౌన్సిలర్, జూనియర్ కౌన్సిలర్. వీళ్లను సభ్యులే ఎన్నుకుంటారు. తర్వాత ఇద్దరు డీకన్లు, ఇద్దరు స్టీవర్డులు, మినిట్స్ రాసే స్క్రైబ్, డబ్బు చూసే ట్రెజరర్, ప్రార్థన చెప్పే చాప్లిన్, తలుపు కాసే సెంటినెల్, ఇంకా కొందరు. చివర్న ఏడుగురు ప్రిసెప్టర్లు. తల్లిదండ్రుల పట్ల ప్రేమ, పవిత్రమైనవాటి పట్ల గౌరవం, మర్యాద, స్నేహం, విశ్వాసపాత్రత, నిర్మలత్వం, దేశభక్తి అనే ఏడు గుణాల్లో ఒక్కొక్కరికి ఒక్కోటి. ప్రార్థనా పీఠం చుట్టూ ఏడు కొవ్వొత్తులు వెలుగుతుంటే, కొత్తగా చేరే కుర్రాడికి ఒక్కో ప్రిసెప్టర్ తన గుణం గురించి చెబుతాడు, కాగితం చూడకుండా.

కిటుకు ఇక్కడే ఉంది. పదమూడేళ్లవాడికి ఆ ప్రసంగం మొత్తం నోటికి రావాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పించాలి. ఆ చెప్పించేవాడు సాధారణంగా పద్దెనిమిదేళ్లవాడు, నిరుటి ప్రిసెప్టర్. బడిలో వీళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇక్కడ నెల రోజులు ఒకే వాక్యం దగ్గర కలిసి తడబడతారు. పదవీకాలం చాలా చాప్టర్లలో ఆరు నెలలే కాబట్టి, నేర్చుకున్నవాడు ఏడాది తిరక్కుండానే నేర్పేవాడవుతాడు. అన్నదమ్ముల వరస అక్కడ పుడుతుంది, ప్రమాణం దగ్గర కాదు.

ఈ రిచువల్‌ను, అంటే చేరిక తంతును, 1919లోనే ఫ్రాంక్ మార్షల్ అనే మేసన్ రాశాడు. అందులో రెండు డిగ్రీలు, అంటే మెట్లు. మొదటిది ఇందాక చెప్పిన ఏడు గుణాలది. రెండోది నాటకం: మధ్యయుగపు క్రైస్తవ యోధుల సంఘమైన టెంప్లర్ల ఆఖరి గ్రాండ్ మాస్టర్, ఈ సంఘానికి పేరిచ్చిన జాక్ డి మోలే విచారణ. సహచరులకు ద్రోహం చెయ్యనన్నందుకు శిక్ష పడిన మనిషిగా ఆయన్ను చూపిస్తారు. చరిత్ర ఇంత శుభ్రంగా లేదు. 1307లో అరెస్టయ్యాక ఆయన నేరం ఒప్పుకున్నాడు కూడా. చివరికి ఆ మాట వెనక్కి తీసుకున్నందుకు 1314 మార్చి 18న పారిస్‌లో సజీవంగా కాల్చేశారు. నన్నడిగితే ఈ అసలు కథే కుర్రాళ్లకు ఎక్కువ పనికొస్తుంది: ఒకసారి బెదిరినవాడు మళ్లీ నిలబడ్డాడు. నాటకానికి ముందో తర్వాతో అడ్వైజర్ అయిదు నిమిషాలు ఈ సంగతి చెబితే ఏమీ చెడదు.

ఇంకో రెండు ఆచారాలు. రాత్రి తొమ్మిది గంటలకు ఏ పని మధ్యలో ఉన్నా ఆపి, మోకాళ్ల మీద కూర్చుని, తల్లినీ తండ్రినీ తలుచుకునే చిన్న ప్రార్థన ఒకటి. పూల ప్రసంగం రెండోది. అది తల్లి ప్రేమ గురించి. చివర్న తల్లి బతికి ఉన్నవాడు ఎర్ర పువ్వు తీసుకుని ఇంటికెళ్లి ఆమెకు ఇస్తాడు, లేనివాడు తెల్ల పువ్వు తీసుకుంటాడు. తెల్ల పువ్వు కోసం చెయ్యి చాపిన కుర్రాణ్ని ఆ తర్వాత గదిలో ఎవరూ ఒంటరిగా వదలరు. ఏం మాట్లాడాలో తెలియని వయసు వాళ్లది. పువ్వు రంగు ఆ మాటేదో చెప్పేస్తుంది.

ఇప్పుడు చాప్టర్లు ఎక్కడ చెడతాయో చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా చంపేది వయసుల ఖాళీ. ఒకే క్లాసు స్నేహితులు పదిమంది కలిసి చేరితే చాప్టర్ మూడేళ్లు కళకళలాడుతుంది. తర్వాత వాళ్లంతా ఒకే వేసవిలో కాలేజీలకు వెళ్లిపోతారు. 23 కుర్చీల్లో నలుగురు మిగులుతారు. దీనికి మందు చేరికల దగ్గరే వెయ్యాలి: పదహారేళ్లవాళ్లు ఎంత ఉత్సాహంగా వస్తున్నా సరే, ప్రతి ఏడాదీ 12, 13 ఏళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండేలా చూసుకోవాలి. తమ్ముళ్లను తీసుకురమ్మనడం అన్నిటికన్నా తేలిక.

రెండోది, పని లాక్కునే అడ్వైజర్. డబ్బు కూడబెట్టడానికి పెట్టే పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ లెక్క తప్పుతుందేమోనని తనే వేసేస్తాడు. లెక్క తప్పదు, కుర్రాళ్లు మాత్రం రావడం మానేస్తారు. సమావేశంలో పెద్దవాళ్లు ఉండి తీరాలి. ఉండి, నోరు కట్టుకోవాలి. భద్రతకో డబ్బుకో ముప్పు వచ్చినప్పుడే మాట్లాడాలి.

మూడోది దీక్షను ఆటపట్టించడంగా మార్చడం. కొత్తవాణ్ని ముందురోజు ‘మేక మీద ఎక్కిస్తారట’ అని బెదిరించే పాత సరదా ఒకటుంది. సరదాగానే అంటారు, కానీ భయంతో వచ్చినవాడి చెవికి ఏడు గుణాలూ ఎక్కవు. హేజింగ్, అంటే కొత్తవాళ్లను వేధించడం, నిషేధం, దాని నీడ కూడా లోపలికి రానివ్వకూడదు. పిల్లవాణ్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ముందుగా వెళ్లి ఒక కార్యక్రమం చూడాలి. పెద్దవాళ్లు ఎవరు, వాళ్లకు పిల్లల భద్రత శిక్షణ అయిందా, ఇంటికి ఎవరు దించుతారు అని మొహమాటం లేకుండా అడగాలి. సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయడమే.

21 నిండినప్పుడు ‘మెజారిటీ’ అనే చిన్న వీడ్కోలు ఉంటుంది. ఆ తర్వాత అతను సీనియర్ డిమోలే. ఆ పేరు పోదు. బంధాలు తెగేదీ ఇక్కడే. మొదటి రెండేళ్లలో ఉద్యోగం, ఊరు, ఫోన్ నంబరు మారిపోతాయి. కాబట్టి మెజారిటీ రోజునే ఒక పని అప్పగించాలి: ఫలానా ప్రిసెప్టర్‌కు ప్రసంగం నువ్వే నేర్పాలి, వీడియో కాల్‌లో అయినా సరే. ఏటా రమ్మని ఆహ్వానం పంపితే రానివాడు, తన కోసం ఒక కుర్రాడు కాచుకుని ఉన్నాడంటే వస్తాడు. అడ్రసులు, ఫోన్ నంబర్లు స్క్రైబ్ సొంత ఫోన్లో కాకుండా చాప్టర్ ఖాతాలో ఉండాలి. లేదంటే ఆరు నెలల తర్వాత స్క్రైబ్ మారతాడు, జాబితా అతనితోనే పోతుంది.