బృహన్నల కుచ్చిళ్లు

తిరుపతి ఊరి చివర ఉంది మా హైస్కూల్. నేను తెలుగు టీచర్‌ని. పోయినేడాది వార్షికోత్సవానికి పిల్లలతో ఉత్తర గోగ్రహణం వేయిద్దామని, 40 నిమిషాలకు సరిపడా నాటకం నేనే రాసుకున్నాను. భారతంలోని ఆ కథ పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు గొప్పలు చెప్పుకున్న ఉత్తరుడు కౌరవ సేన కనబడగానే రథం దూకి పరిగెత్తుతుంటే ఎవరికి నచ్చదు? నా టెన్షన్ అంతా 24 మంది పిల్లల్ని ఐదు వారాల పాటు ఒక దారిలో పెట్టడం గురించే.

మొదటి రోజే నిబంధనలు కాగితం మీద రాసి, ఇళ్లకు పంపి సంతకాలు తెప్పించాను. సాయంత్రం 4:15కల్లా రిహార్సల్‌కు రావాలి. నోట్సు పూర్తిచేయనివాళ్లకు రిహార్సల్ లేదు. ఒక్క డైలాగ్ కూడా లేకుండా అట్టముక్కల ఆవుల వెనక నిలబడే గోపాలకులు కూడా రోజూ రావాల్సిందే. ఒకరి సామాను ఇంకొకరు ముట్టకూడదు. సైడ్ వింగ్‌లో మాట్లాడకూడదు, తెర సందులోంచి తొంగిచూడకూడదు. వేషాలు మార్చుకునే గదులు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు, అక్కడ ఫోన్ కనబడకూడదు. పది రోజులు బాగానే నడిచింది. ముఖ్యమైనది ఒకటి ఆ కాగితంలో లేదని పదకొండో రోజు తెలిసింది.

బృహన్నల వేషం వేసే ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఆ రోజు మొదటిసారి చీర కట్టాం. కిటికీ దగ్గర ఈలలు మొదలయ్యాయి. వాళ్లు బయటి పిల్లలు, తరిమేశాను. తిరిగి చూస్తే సైడ్ వింగ్‌లో మా ఉత్తరుడే నడుం తిప్పుకుంటూ వాడి నడకను వెక్కిరిస్తున్నాడు. మిగతావాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. చీర కట్టుకున్న పిల్లవాడు డైలాగ్ ఆపలేదు, చివరిదాకా చెప్పాడు. మర్నాడు మాత్రం కడుపునొప్పి అని బడికి రాలేదు.

నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వితే తట్టుకోవచ్చు. పక్కన నిలబడాల్సినవాడే నవ్వితే ఆ పిల్లవాడికి ఇంక దిక్కెవరు?

ఆ సాయంత్రం రిహార్సల్ ఆపేసి అందర్నీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టాను. "గంగమ్మ జాతరలో మీలో ఎవరెవరు వేషం వేసినారు?" అని అడిగాను. బైరాగి వేషం, తోటి వేషం అంటూ చేతులు లేచాయి. "మగవాళ్లు చీర కట్టి మొక్కు తీర్చుకున్నది ఎవరింట్లో?" అన్నాను. మళ్లీ లేచాయి. ఉత్తరుడి చెయ్యి కూడా లేచింది. వాళ్ల నాయన కట్టాడట.

"చూసి నవ్వినావా?"

"అమ్మోరి వేషం కదా మేడం, ఎట్లా నవ్వుతాం?" అన్నాడు. అన్నాక తల వంచుకున్నాడు.

ఇక తిట్టే పని లేకపోయింది. స్థానం నరసింహారావు గారి గురించి చెప్పాను. ఆడవేషాలతోనే అంత పేరు తెచ్చుకున్న ఆ నటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారంటే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు.

ఉత్తరుడి వేషం ఇంకొకరికి ఇచ్చేయమని మా సార్ ఒకాయన అన్నారు. నాకు మనసొప్పలేదు. దానికి బదులు ఒక పని అప్పజెప్పాను: నాటకం అయ్యేదాకా బృహన్నలకు చీర కట్టే బాధ్యత వాడిదే. వాడు ఆ సాయంత్రమే తన స్నేహితుడి ఇంటికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్నాడు ఇద్దరూ ఒకే సైకిల్ మీద బడికి వచ్చారు.

మొదటి రోజు కట్టిన చీర నాలుగడుగులకే జారిపోయింది. ఇంటికెళ్లి వాళ్లమ్మ దగ్గర నేర్చుకుని వచ్చాడు. పిన్నీసులు పంటితో పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కుచ్చిళ్లు ఒక్కొక్కటే వేలితో సరిచేస్తూ, "ఊపిరి బిగబట్టరా, దోపుతున్నా" అనేవాడు. వారం తిరిగేసరికి చీర కట్టడం ఐదు నిమిషాల పనైపోయింది.

నాటకం రోజు, ఉత్తరుడు రథం దూకి పరిగెత్తే చోట బృహన్నల పమిట అట్ట చక్రం మేకుకు తగులుకుంది. గుంజితే భుజం దగ్గరి పిన్నీసు ఊడుతుంది. పిల్లవాడు బిగుసుకుపోయాడు. రాసినదాని ప్రకారం ఉత్తరుడు వెనక్కి తిరగకూడదు. వాడు తిరిగాడు. "బృహన్నలా, నా భయానికి నీ పమిట కూడా వణుకుతోందే!" అంటూ వంగి, చెంగు మేకులోంచి విడిపించి, మళ్లీ పరుగు అందుకున్నాడు. అది కూడా డైలాగే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. సైడ్ వింగ్‌లో ఉన్న నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తెర పడ్డాక సామాను లెక్క తేలేదాకా ఎవరూ అమ్మానాన్నల దగ్గరికి పోకూడదన్నది మా చివరి నిబంధన. మొత్తం 38 వస్తువులు. 37 వచ్చాయి. బృహన్నల కాలి గజ్జెల్లో ఒకటి లేదు. కిరీటమైనా తీయకుండా ఉత్తరుడు టార్చి పట్టుకుని స్టేజీ కింద దూరాడు. వాడి వెనకాలే, కుచ్చిళ్లు పైకి దోపుకుని, బృహన్నల.