పియానోకి కమాను వేసిన వారం

రొమేనియా స్వరకర్త హొరాట్సియు రదులెస్కు పేరు నేను పారిస్‌లో చదువుకోడానికి వచ్చాకే విన్నాను. 1942లో బుకారెస్ట్‌లో పుట్టి, 1969లో అక్కడ చదువు ముగించుకుని పారిస్ వచ్చేశారు. 2008లో ఇక్కడే పోయారు. వచ్చిన ఏడాదే తొమ్మిది చెల్లోలకి (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) ‘క్రెడో’ రాశారు. రాగం, తాళం అన్నవాటి కంటే ఒక్క స్వరం లోపల ఏముందో చూడటమే ఆయన పని.

మా విద్యార్థుల బృందానికి ఎవరో వదిలేసిన పాత గ్రాండ్ పియానో దొరికింది. దాంతో రదులెస్కు ‘సౌండ్ ఐకాన్’ చేద్దామన్నారు. ఐకాన్ అంటే ఆర్థడాక్స్ చర్చిల్లో ఉండే దేవుడి పటం. పియానో మూత, కాళ్ళు తీసేసి, దాన్ని పక్కమీద నిలబెట్టి, తీగల్ని వేరే శ్రుతికి మార్చి, సుత్తులతో పనిలేకుండా దారాలతో రుద్ది పలికించాలి. 1983లో ఇలాంటివి పదహారు పెట్టి ‘క్లెప్సిడ్రా’ రాశారాయన. క్లెప్సిడ్రా అంటే నీటి గడియారం. మాకు ఒక్కదానికే ఆరుగురం కావాల్సొచ్చింది.

చిన్నప్పుడు తెనాలిలో వయొలిన్ నేర్చుకున్నానని చెప్పడమే నా తప్పు. కమాను పని నాకు అంటగట్టారు. చేపలు పట్టే నైలాన్ దారానికి రోజిన్ (కమానుకి పూసే గుగ్గిలం) పట్టించి, తీగ వెనక నుంచి తీసి, రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికినట్టు ముందుకీ వెనక్కీ లాగాలి. మొదటిరోజు కీచుమనడం తప్ప ఏమీ రాలేదు. రెండోరోజుకి చూపుడువేళ్ళు కోసుకుపోయాయి. గ్లవ్స్ వేసుకుని, బలం తగ్గించి, నెమ్మదిగా లాగితే అప్పుడు పలికింది. వయొలిన్ మాస్టారు ‘నొక్కకమ్మా, వదులు’ అని వందసార్లు చెప్పిన ముక్కే అది.

అసలు టెన్షన్ శ్రుతి దగ్గర. ఒక తీగ మోగితే దాని కంపన వేగానికి రెండు, మూడు, నాలుగు రెట్లున్న స్వరాలన్నీ కూడా సన్నగా మోగుతాయి. మూడో రెట్టు పంచమం, ఐదోది అంతర గాంధారం. మంచి తంబూరాలో ఎవరూ మీటకుండానే వినపడే గాంధారం ఇదే. ఏడోదే తిప్పలు. అది కైశికి నిషాదానికి కాస్త కింద, పియానో మెట్టు కంటే 31 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువలో ఉంటుంది. ఫోన్‌లో ట్యూనర్ ఎర్రగా వెలుగుతూనే ఉంది. విసుగొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను. మంద్ర తీగని ఏడో వంతు దగ్గర వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటితే ఆ నిషాదం సన్నగా పలికింది. పై తీగని దానితో కలుపుతూ పోయాను. ముందు ‘వౌ వౌ’ అని అదురు. పిన్ను వెంట్రుకవాసి తిప్పితే అదురు నెమ్మదించింది. ఇంకొంచెం తిప్పితే ఆగిపోయింది. రెండు తీగలన్న సంగతే తెలియలేదు.

ఆ తీగకి గంట పట్టింది. తర్వాతది తెగింది.

ఆయన రాసిందంతా నాకు నచ్చిందని కాదు. తొమ్మిది క్వార్టెట్లకి (నలుగురేసి తీగవాద్యాల బృందాలు) రాసిన నాలుగో స్ట్రింగ్ క్వార్టెట్ రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. కొత్తగా వినేవాళ్ళకైతే పియానో సొనాటాలు చెబుతాను. వాటిలో కొలిందె అనే రొమేనియా పల్లెల క్రిస్మస్ పాటలు వినిపిస్తాయి, చెవికి పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు వాయించాం. వచ్చింది పదిహేనుమంది. పియానో ఇంకా పక్కమీదే ఉంది. దించడానికి ఆరుగురికీ కలిసొచ్చే రోజు దొరకలేదు.